‘సర్వర్ డౌన్’ వెనక లాగ్ ఫైళ్లు.. నిండితే ఏమవుతుంది? డిలీట్ చేస్తే సరిపోదా?

‘సర్వర్ డౌన్, రేపు రండి’. ఏదో ఒక కౌంటర్ దగ్గర ఈ మాట మీరు వినే ఉంటారు. నెట్‌వర్క్ సమస్య, రద్దీ, సైబర్ దాడి.. కారణాలు చాలా ఉండొచ్చు. పెద్దగా బయటికి రాని కారణం మరొకటుంది. సర్వర్‌లో డిస్క్ నిండిపోవడం. ఆ జాగాను చడీచప్పుడు లేకుండా తినేసే వాటిలో లాగ్ ఫైళ్లు ముఖ్యమైనవి.

అసలేంటీ లాగ్?

పాతకాలపు కొట్లలో లావాదేవీ జరగగానే చిట్టాలో రాసేవారు. తర్వాత తీరిగ్గా ఖాతాల వారీగా ఆవర్జాలోకి ఎక్కించేవారు. డేటాబేస్‌దీ ఇదే పద్ధతి. మీరు కరెంటు బిల్లు కడితే ఆ వివరం ముందు ట్రాన్సాక్షన్ లాగ్‌లో నమోదవుతుంది. ఆ తర్వాతే అసలు ఫైళ్లలోకి చేరుతుంది. మధ్యలో సర్వర్ ఆగిపోయినా, లాగ్ చూసుకుని లెక్క సరిచేసుకుంటుంది. ఎవరు లాగిన్ అయ్యారు, ఏ లోపం వచ్చింది అని రాసుకునే లాగ్‌లు వేరే ఉంటాయి.

ఎందుకు పెరిగిపోతుంది?

మైక్రోసాఫ్ట్ ఎస్‌క్యూఎల్ సర్వర్‌ను ‘ఫుల్ రికవరీ’ పద్ధతిలో నడిపితే లాగ్‌కు విడిగా బ్యాకప్ తీయాలి. డేటాబేస్‌కు తీస్తున్నాం కదా అని దీన్ని వదిలేస్తే లాగ్ పెరుగుతూనే ఉంటుంది. చివరికి కొత్త లావాదేవీలు ఆగిపోతాయి.

డిలీట్ చేస్తే పోదా?

అసలు ప్రమాదం ఇక్కడే ఉంది. ట్రాన్సాక్షన్ లాగ్‌ను చేత్తో తీసేస్తే డేటాబేస్ మళ్లీ లేవకపోవచ్చు. మామూలు లాగ్ అయినా, నడుస్తున్న ప్రోగ్రామ్ దాన్ని తెరిచి ఉంచితే లినక్స్‌లో డిలీట్ చేసినా జాగా ఖాళీ కాదు.

నిబంధనలూ ఉన్నాయి. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ ఇచ్చిన ఆదేశాల ప్రకారం కంపెనీలు, ప్రభుత్వ సంస్థలు తమ కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజులు భద్రపరచాలి. దాడి జరిగితే ఎవరు, ఎప్పుడు, ఎలా వచ్చారో చెప్పే సాక్ష్యం అదే.

టయోటాకూ తప్పలేదు

2023 ఆగస్టు 29న జపాన్‌లో టయోటాకు చెందిన 14 ప్లాంట్లు ఆగిపోయాయి. 27న మెయింటెనెన్స్‌లో భాగంగా డేటాబేస్‌లో పేరుకున్న డేటాను తొలగించి సర్దుతుండగా, డిస్క్‌లో జాగా చాలక వ్యవస్థ ఆగిందని కంపెనీ వివరించింది. బ్యాకప్ కూడా అదే వ్యవస్థ మీద ఉండటంతో దానికీ అదే గతి పట్టింది. డేటాను ఎక్కువ సామర్థ్యమున్న సర్వర్‌కు మార్చాకే పని మొదలైంది. సర్దే పనికీ ఖాళీ జాగా కావాలన్నది ఇందులోని పాఠం.

మరి ఏం చేయాలి?

చేయదగ్గ పనులివి:

• ట్రాన్సాక్షన్ లాగ్‌కు నిర్ణీత వ్యవధిలో బ్యాకప్ తీయాలి.
• లాగ్‌లను వేరే డిస్క్‌లో ఉంచాలి.
• డిస్క్ నిండకముందే అలర్ట్ వచ్చేలా చూడాలి.
• పాత లాగ్‌లను కుదించి, వేరే చోటికి తరలించాలి. గడువు తీరాకే తొలగించాలి.

వీటిలో ఏదీ భారీ ఖర్చుతో కూడింది కాదు. రోజూ పట్టించుకునే మనిషి కావాలి, అంతే.

మీరేం చేయొచ్చు?

సర్వర్ మొరాయించిన సమయంలో మీ ఖాతాలో డబ్బు కట్ అయితే వెంటనే రెండోసారి కట్టేయకండి. రిఫరెన్స్ నంబర్, తేదీ, సమయం దాచుకోండి. చెల్లింపు ఎక్కడ ఆగిందో తేల్చడానికి సిబ్బంది వెతికేది లాగ్‌లోనే. ఆ లాగ్‌ను జాగా కోసం ఎవరైనా తుడిచేసి ఉంటే, మీ దగ్గరున్న నంబరే మీకు మిగిలే ఆధారం.