నదీగర్భమున పాదరసము

కాలిఫోర్నియా నదుల యడుగున వెనుకటి బంగారుగనులవారు విడిచిపోయిన పాదరసమును వెలికిదీయుట యెట్లు, ఎవరి ఖర్చుతో అను వివాదము అచ్చట చాలకాలముగా నున్నది. సముద్రముల కావలి సంగతి మనకేల యని పాఠకులు తలంపవచ్చును. ఆ నదీజలములు చేరు శాన్‌ఫ్రాన్సిస్కో అఖాతము చుట్టును నేడు మన తెలుగువారు వేలాదిగా కాపురమున్నారు. మనవారు లేకున్నను ఈ కథ తెలిసికొనదగినదే.

1848లో బంగారము కానవచ్చిన కొలది సంవత్సరములకే అచ్చటి సియెర్రా నెవాడా కొండలను నీటిఫిరంగులతో కొట్టి కరగింప మొదలిడిరి. ఆ మట్టిని, కంకరను పొడవైన కొయ్యకాలువలలో పారించి, అందు పాదరసమును పోసెడివారు. అది బంగారమును తనలో గలుపుకొని యడుగున నిలుచును; మట్టి దిగువకు బోవును. మన కంసాలుల కీ గుణము క్రొత్తదిగాదు. కాని పోసిన రసమంతయు నిలువదు. ఒక్కొక్క పనికాలమున నూటికి 10 మొదలు 30 వంతుల వరకు కొట్టుకొనిపోయెడిది. ఒండ్రుబంగారపు పనులలో నిట్లు పోయినది రమారమి 1 కోటి పౌనులు, అనగా 4,500 టన్నులని ఆ దేశపు భూగర్భశాస్త్రజ్ఞుల అంచనా.

కొండమట్టి దిగివచ్చి నదులను పూడ్చెను, పొలములను ముంచెను. దిగువ పట్టణమున ఆస్తిగల వుడ్రఫ్ అనునతడు నార్త్ బ్లూమ్‌ఫీల్డు కంపెనీపై దావా తెచ్చెను. 1884 జనవరిలో సాయర్ న్యాయమూర్తి, వ్యర్థమును నదులలోనికి వదలరాదని నిషేధాజ్ఞ నొసంగెను. మావంటి న్యాయవాదులు నేటికిని మెచ్చదగిన తీర్పది. అయితే అది ప్రధానముగా పూడికను గూర్చినది. అప్పటికే నదిలో బడిన రసము సంగతి యెవరికి పట్టినది? కంపెనీలు పోయినవి, వాటాదారులు పోయిరి. రసము మాత్రము కుళ్లక, కరగక యచ్చటనే యున్నది. బురదలోని సూక్ష్మజీవులు దానిని మిథైల్ పాదరసముగా మార్చును. అది చిన్న చేపనుండి పెద్ద చేపకు పోగుపడుచు మనుష్యుని విస్తరికి వచ్చును. గర్భస్థశిశువు మెదడునకు అది విషము. అందుచేతనే ఆ యఖాతపు సొరచేపలను పిల్లలు, గర్భధారణ వయస్సుగల స్త్రీలు తినరాదని అధికారులు హెచ్చరించిరి.

అట్లయిన తోడివేయరాదా? ఇచ్చటనే చిక్కున్నది. గొట్టపు యంత్రములతో నదియడుగును పీల్చి బంగారము వెదకుకొను చిన్నవారు, “రసమును మేము ఉచితముగా దీయుచున్నాము, మమ్మేల యాపెదరు?” అని యడిగిరి. న్యాయమైన ప్రశ్నయే. ఆ రాష్ట్రపు జలవనరుల సంస్థ అమెరికన్ నది దక్షిణపాయలో అట్టి యంత్రమును పరీక్షించి 2005లో నివేదిక ప్రకటించెను. నూటికి 98 వంతుల పాదరసము చిక్కినది! మిగిలిన 2 వంతులు నలిగి పిండివలెనై సన్నని బురదతో దిగువకు బోయినది. ఆ బురదలోని పాదరసము, ప్రమాదకర వ్యర్థమునకు నిర్ణయించిన మేరకు పదిరెట్లు మించియుండెను. ఇసుక క్రింద నిద్రించు గుండ్లకంటె ఈ పిండియే త్వరగా చేపలపాలగును. 2009లో ప్రభుత్వము ఆ యంత్రములను నిలిపివేసినది. తగినపని చేసినదని మా యభిప్రాయము.

బేర్ నదిపై కాంబీ జలాశయమున నీటిపారుదలవారు వేరొక త్రోవ త్రొక్కిరి. ఎట్లును పూడిక తీయవలెను గదా, ఆ పూడికనే గిరగిర ద్రిప్పు యంత్రములలో వేసి బరువైన రసమును విడదీయ బూనిరి. సన్నమట్టిని తేర్చి, శుభ్రపడిన నీటినే మరల వదలుట ఇందలి కీలకము. ఆనకట్టలు ఏండ్లతరబడి పట్టియుంచిన విషము ఒకచోట నున్నది గనుక, పని అచ్చట మొదలిడుటయే లెస్స. ఖర్చు ప్రజలదే, బంగారము మాత్రము మరియొకరిది. తీసిన ఇసుక, కంకర నమ్మి కొంత రాబట్టుకొనవచ్చును.

ఇంతలో ప్రపంచమున పలుచోట్ల చిన్నగనులవారు నేటికిని రసము పోయుచునేయున్నారు. 2015లో మానవకృత్యములవలన గాలిలో గలసిన పాదరసమున నూటికి సుమారు 38 వంతులు వారి పనులవలననే యని ఐక్యరాజ్యసమితి లెక్క. 2013 నాటి మినమాటా ఒడంబడికలో 2018లో మన దేశమును జేరినది. ఎచ్చటనైనను శుద్ధిపనికి గుత్త యిచ్చువారు, పట్టుకొన్న 98 వంతులను చూచి మురిసిపోక, దిగువ నీటిని, బురదను పరీక్షింపించి, తప్పిపోయిన 2 వంతుల లెక్క తేలువరకు గుత్తదారునకు బిల్లు చెల్లింపరాదు.