బంతి వదిలి కత్తి పట్టిన జాక్ కైల్

రిటైరైన పెద్ద ఆటగాళ్లకు కామెంటరీ బాక్సో, వ్యాపార ప్రకటనలో, చట్టసభ సీటో సిద్ధంగా ఉంటుంది. ఐర్లండ్ రగ్బీ దిగ్గజం జాక్ కైల్ మాత్రం జాంబియాలోని రాగి గనుల పట్టణం చింగోలాను ఎంచుకున్నారు. అక్కడ 34 ఏళ్లు సర్జన్‌గా పనిచేశారు.

1926లో బెల్‌ఫాస్ట్‌లో పుట్టిన కైల్ ఆడింది ఫ్లై హాఫ్ స్థానంలో. ముందు వరుస వాళ్లు పెనుగులాడి గెలిచిన బంతిని అందుకుని పరుగెత్తాలో, పాస్ ఇవ్వాలో, తన్నాలో క్షణంలో తేల్చుకోవాల్సింది ఆ ఆటగాడే. 1948లో ఐర్లండ్ ఫ్రాన్స్, ఇంగ్లండ్, స్కాట్లండ్‌లను ఓడించి, మార్చి 13న బెల్‌ఫాస్ట్‌లో వేల్స్‌పై 6-3తో నెగ్గి తొలి గ్రాండ్‌స్లామ్ సాధించింది. అప్పటికి కైల్ క్వీన్స్ యూనివర్సిటీలో వైద్య విద్యార్థి. 1921లోనే ఐర్లండ్ రెండుగా చీలినా రగ్బీ జట్టు మాత్రం చీలలేదు. అందుకే బ్రిటన్ ఏలుబడిలోని ఉత్తర ప్రాంత కుర్రాడు సరిహద్దుకు రెండు వైపులా హీరో అయ్యాడు.

1958లో తప్పుకునేనాటికి ఆయన ఐర్లండ్ తరఫున 46 మ్యాచ్‌లు ఆడారు. అప్పటికి అది ప్రపంచ రికార్డు. అయినా చేతికి వచ్చిన పారితోషికం సున్నా. రగ్బీలోకి అధికారికంగా డబ్బు వచ్చింది 1995లోనే. ఆటతో పేరు, వైద్యంతో బతుకు అన్నది ఆ తరం లెక్క. కైల్ చదువు ఆపకపోవడానికి అదీ ఒక కారణం.

ఇండోనేసియాలో కొంతకాలం పనిచేశాక 1966లో ఆయన చింగోలా చేరారు. జాంబియాకు స్వాతంత్ర్యం వచ్చి అప్పటికి రెండేళ్లే. సర్జన్లు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే. తర్వాత రాగి ధర పడిపోయింది, ఎయిడ్స్ విరుచుకుపడింది. కైల్ మాత్రం 2000 దాకా కదల్లేదు.

ఆటగాళ్లకు పైసా ఇవ్వని ఆ పాత పద్ధతి న్యాయమైనదేమీ కాదు. టికెట్ల డబ్బు సంఘాలకు, దెబ్బలు ఆటగాళ్లకు అన్నట్టుండేది. కానీ ఆట ముగిశాక మనిషికి మరో పని ఉండాలన్న స్పృహను అది మిగిల్చింది. టీనేజీలోనే అకాడమీల్లో చేరే నేటి ప్రొఫెషనల్ కుర్రాళ్లకు కరువైంది ఆ తీరికే.

2002లో ఐర్లండ్ రగ్బీ యూనియన్ కైల్‌ను తమ సర్వకాలపు మేటి ఆటగాడిగా ప్రకటించింది. రెండో గ్రాండ్‌స్లామ్ కోసం ఐర్లండ్ 61 ఏళ్లు ఆగింది. 2009లో కార్డిఫ్‌లో వేల్స్‌ను 17-15తో ఓడించినప్పుడు 83 ఏళ్ల కైల్ స్టేడియంలోనే ఉన్నారు. కెప్టెన్ బ్రయాన్ ఓడ్రిస్కాల్‌ను కలిసి అభినందించారు. 2014లో ఆయన కన్నుమూశారు. 46 మ్యాచ్‌ల రికార్డును తర్వాత ఎందరో దాటేశారు. చింగోలాలో గడిపిన 34 ఏళ్లను దాటిన రగ్బీ వీరుడి పేరు చెప్పడం మాత్రం కష్టం.