గేటు దగ్గర అడిగే ప్రశ్న

ఆర్టీసీ క్రాస్‌రోడ్డు నుంచి ఇందిరాపార్కు వైపు నడిస్తే అరగంటలో చుట్టి రాగలిగిన ప్రాంతం అశోక్‌నగర్, చిక్కడపల్లి, గాంధీనగర్. చిన్నచిన్న జాగాల్లో నాలుగైదు అంతస్తుల ఇళ్లు, ప్రతి అంతస్తులో అద్దెవాళ్లు, పైన రేకుల గదుల్లో గ్రూప్స్‌కు చదివే పిల్లలు. పక్కింటి కుక్కరు ఎన్ని విజిళ్లు వేసిందో ఇక్కడ లెక్క చెప్పవచ్చు. ఎవరి నీళ్ల మోటారు ఎప్పుడు ఆగిందో, ఎవరి బిడ్డకు రాత్రి దగ్గు వచ్చిందో గోడలు దాచలేవు. మనుషులు ఇంత ఒరుసుకొని బతికేచోట కులానికి నిలువడానికి జాగా ఎక్కడుంటుందని అనుకున్నాను. పాలమూరు పల్లె నుంచి పుస్తకాల సంచితో వచ్చిన రోజున అది నా నమ్మకం.

చదువుకున్నన్నాళ్లు స్నేహితుల గదిలో సర్దుకున్నాను. కాంట్రాక్టు లెక్చరర్‌గా పని దొరికి, పెళ్లయ్యాక ఇల్లు వెతకడం మొదలుపెట్టాను. పదకొండు టు-లెట్ బోర్డుల ముందు నిలబడ్డాను. పేరు, ఉద్యోగం, జీతం అయ్యాక నాలుగో ప్రశ్న వచ్చేది. కొందరు సూటిగానే అడిగారు: ‘‘మీరేమోళ్లు?’’ కొందరు మర్యాదస్తులు. ‘‘ఇంటిపేరేంది?’’ ‘‘మీ నాయన ఏం చేస్తడు?’’ ‘‘ఊర్ల మీ ఇల్లు ఏ దిక్కుంటది?’’ జవాబు విన్న తర్వాత ఎవరూ తిట్టలేదు, కసురుకోలేదు. మా అల్లుడు వస్తున్నాడన్నారు, రంగులు వేయించాలన్నారు, ఇంకెవరికో మాట ఇచ్చామన్నారు. వారం తర్వాత అటుగా వెళ్తే బోర్డు అక్కడే వేలాడుతూ ఉండేది.

పన్నెండో ఇంటి దగ్గర నేను వేరే కులం పేరు చెప్పాను. ఆ సాయంత్రమే తాళంచెవి చేతికొచ్చింది.

ఆ అబద్ధానికి అద్దె విడిగా కట్టవలసి వచ్చింది. అంబేద్కర్ ఫొటో గోడ మీద నుంచి బీరువాలోకి వెళ్లింది. ఏప్రిల్ 14న దండ వేయడానికి మిత్రుల ఇంటికి పోయాను. పండక్కి అమ్మ ఊరి నుంచి ఒట్టి తునకలు మూటగట్టుకొని వస్తే, ఇక్కడ వండొద్దన్నాను. ఆమె ఏమీ అనకుండా మూట మళ్లీ కట్టింది. ఎదురు ఫ్లాటు ఆమె ‘‘అమ్మా, మీరేమోళ్లు?’’ అని అడిగినప్పుడు, ‘‘నా కొడుకునడుగు బిడ్డా’’ అని నా ముఖంలోకి చూసింది. రెండు రోజులు ముందే బయలుదేరింది. బస్సు ఎక్కేముందు ఒక్కటే అన్నది: ‘‘ఊర్ల మన వాడ యాడుందో అందరికెరుకే. ఆడ దాసుకునే పనైతే లేకుండె గద కొడుకా.’’

ఆ మాటలో ఒక విశ్లేషణ ఉంది. పల్లెలో కులానికి దిక్కు ఉంది, వాడ ఉంది, అడగవలసిన అవసరం లేదు. కిక్కిరిసిన నగర వీధిలో ఆ హద్దు గీయడానికి నేల లేదు. అందుకే నేల మీద గీయలేని గీతను గేటు దగ్గర ప్రశ్నగా గీస్తున్నారు.

ఇది కొత్త కథ కాదు. విదేశాల్లో చదువుకొని 1917లో బరోడా సంస్థానంలో కొలువుకు వెళ్లిన అంబేద్కర్‌కు ఉండడానికి చోటు దొరకలేదు. పార్సీ పేరు పెట్టుకొని పార్సీల సత్రంలో తలదాచుకున్నాడు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకొచ్చిన గుంపు ఆయనను వెళ్లగొట్టింది. నూరేళ్లు దాటింది. చేతుల్లో కర్రలు పోయాయి, ముఖాల మీద చిరునవ్వులు వచ్చాయి. పేరు మార్చుకోవలసిన అవసరం మాత్రం మిగిలింది.

‘వెజిటేరియన్స్ ఓన్లీ’ అన్న బోర్డును ఇంటాయన ఆహారపు అలవాటుగా తీసుకోమంటారు. కానీ తెలంగాణలో పదిహేనేళ్లు దాటినవారిలో 98 శాతానికి పైగా మాంసాహారులేనని 2014 శాంపిల్ రిజిస్ట్రేషన్ బేస్‌లైన్ సర్వే తేల్చింది. ఇంతమందిని కాదని ఎవరికి ఇల్లు అద్దెకిస్తారు? ఆ బోర్డు పెట్టిన ఇళ్లలోనే ఆదివారం మటన్ ఉడకడం నేను చూశాను. వారిది వంట, మాది వాసన. బోర్డు మీద రాసింది కూర పేరే అయినా, చదువుకోవలసింది కులం పేరు.

ఇవి ఒకరిద్దరి అనుభవాలంటారేమో. సుఖదేవ్ థోరాట్ బృందం ఢిల్లీ పరిసరాల్లో జరిపిన అధ్యయనం 2015లో ‘ఎకనామిక్ అండ్ పొలిటికల్ వీక్లీ’లో వచ్చింది. దళితులు, ముస్లింలు అద్దె ఇంటికోసం అడిగినప్పుడు ఎదురయ్యే తిరస్కారం అగ్రకులాల వారికి ఎదురు కావడం లేదని, ముస్లింల పరిస్థితి మరింత కఠినమని అది చూపింది.

‘నా ఇల్లు, నా ఇష్టం’ అనేవారి భయాలు నాకు తెలుసు. అద్దె మీదే బతికే ముసలివాళ్లున్నారు, చుట్టాల మాటకు జడిసేవాళ్లున్నారు. నన్ను కాదన్నవారిలో వెనుకబడిన కులాల వారూ ఉన్నారు. వాళ్లూ ఒకప్పుడు ఇంకొకరి గేటు దగ్గర ఇదే ప్రశ్నకు తలవంచినవాళ్లే. నిచ్చెన మెట్ల వ్యవస్థ పనితీరే అది. అయితే ఇష్టానికి చట్టం ఏనాడో హద్దు పెట్టింది. 1955 నాటి పౌరహక్కుల పరిరక్షణ చట్టం నాలుగో సెక్షన్, అస్పృశ్యత కారణంగా ఏ ప్రాంతంలోనైనా నివాసగృహంలో ఉండనివ్వకపోవడాన్ని నేరంగా ప్రకటించింది. నెల నుంచి ఆరు నెలల దాకా జైలు ఉంది. బాధితులు షెడ్యూల్డ్ కులాల వారైతే, కాదని రుజువయ్యేదాకా ఆ పని అస్పృశ్యత వల్లే జరిగిందని కోర్టు భావించాలని పన్నెండో సెక్షన్ చెబుతోంది.

ఇంత స్పష్టమైన చట్టం మా వీధిలోకి ఎందుకు రాలేదు? ఇల్లు ఇవ్వని నేరం కంటికి కనిపించదు. అల్లుడు వస్తున్నాడన్న మాటను ఏ సాక్షితో ఖండించగలం? పైగా రాత్రికి తలదాచుకోవలసినవాడు పోలీస్‌స్టేషన్ మెట్లెక్కుతాడా, ఇంకో బోర్డు వెతుక్కుంటాడా? మతం పేరుతో తిరస్కారానికి గురయ్యే ముస్లింలకు ఈ చట్టం కూడా లేదు. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసగృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దె మించరాదన్నది గానీ, కులం చూసి ఇల్లు నిరాకరించరాదని ఒక్క వాక్యం రాయలేదు.

తిరస్కారాన్ని రుజువు చేయడం కష్టం. ప్రశ్నను రుజువు చేయడం అంత కష్టం కాదు. కాబట్టి ఇల్లు అద్దెకిచ్చే సందర్భంలో కులమతాలు అడగడాన్నే నేరం చేయాలి. అడిగింది యజమాని అయినా, బ్రోకరైనా, అపార్ట్‌మెంటు సంఘమైనా సరే. రాష్ట్రాలు అద్దె చట్టాలను సవరించేటప్పుడు ఈ వాక్యం చేర్చాలి. సంఘాల నిబంధనలలో ఇలాంటి షరతులు ఉంటే రిజిస్ట్రేషన్ ఆపాలి. డిగ్రీతో సంక్షేమ హాస్టల్ తలుపు మూసుకున్న అభ్యర్థులకు నగరంలో ప్రభుత్వ వసతి కల్పించాలి. విద్యార్థి సంఘాలు తమ సభ్యులకు ఎదురైన ప్రతి ప్రశ్ననూ తేదీతో, చిరునామాతో నమోదు చేయాలి. సిగ్గుపడి మనం దాచుకున్న అనుభవమే ఇంతకాలం వారికి రక్షణ.

నా పదకొండు నెలల అగ్రిమెంటు వచ్చే నెలతో ముగుస్తుంది. బీరువాలోని ఫొటోను గోడకు తగిలించాను. తలుపు తీస్తే ఎదురు ఫ్లాటుకు కనిపిస్తుంది. మళ్లీ ఇల్లు వెతుక్కోవలసి రావచ్చు. అమ్మకు ఫోన్ చేసి రమ్మన్నాను. వచ్చేటప్పుడు తునకలు తెమ్మన్నాను.