నిమ్మచెట్టు మీది పురుగు పేరేమి? – సీతాకోకచిలుకల వర్గీకరణ, విస్తరణపై ఒక ఆలోచన

హైదరాబాదులో జూబ్లీహిల్స్, బంజారాహిల్స్ నడుమనున్న కాసు బ్రహ్మానందరెడ్డి జాతీయ ఉద్యానం, దక్కను రాతిగుట్టల మీది పొడి అడవిలో మిగిలిన ఒక ముక్క. దానికి 1998లో జాతీయ ఉద్యాన హోదా లభించింది. అంతకు రెండు దశాబ్దాల ముందే, 1976లో, ఆ చేరువనే అన్నపూర్ణ స్టూడియోస్ ఆరంభమైంది. క్రమంగా స్టూడియోలు, ఫిల్మ్‌నగర్ నివాసాలు గుట్టలను ఆక్రమించగా, తుప్పలున్న చోట పెరటి తోటలు వెలిశాయి. ఆ పెరళ్లలో సాధారణంగా కనిపించే నిమ్మ, కరివేపాకు రెండూ రూటేసీ కుటుంబానికి చెందినవే. అడవిలోని మారేడు, వెలగ కూడా ఆ కుటుంబానివే. కనుక పాపిలియో ప్రజాతి సీతాకోకచిలుకకు ప్రహరీగోడ సరిహద్దు కాదు. ఆహారమిచ్చే మొక్క ఎంతవరకు ఉన్నదో అంతవరకు అది విస్తరించగలదు.

వ్యవసాయ విద్యలో ఈ ప్రజాతికి లభించిన స్థానం మాత్రం ఒక్క పురుగుకే పరిమితమైనది. నిమ్మ, బత్తాయి నారుమళ్లలో లేత ఆకులను తినివేసే పాపిలియో డెమోలియస్‌ను విద్యార్థులందరూ ఎరుగుదురు. అయితే నిమ్మ ఆకుపై కనిపించిన ప్రతి ఆకుపచ్చ గొంగళి పురుగునూ ఆ పేరుతోనే నమోదు చేయడం సమంజసం కాదు. పాపిలియో పాలిటిస్ కూడా నిమ్మపైన, కరివేపాకుపైన పెరుగుతుంది. పశ్చిమ, తూర్పు కనుమల అడవులకు, శ్రీలంకకు చెందిన పాపిలియో పాలిమ్నెస్టర్ సైతం అడవి నిమ్మ జాతులతో పాటు తోటలలోని నిమ్మ వర్గపు చెట్లపైనా గుడ్లు పెడుతుంది. మూడింటి లార్వాలూ తొలిదశలో పక్షిరెట్టను పోలి, చివరిదశలో ఆకుపచ్చగా మారుతాయి. తాకినంతనే తల వెనుక నుండి చీలిన కొమ్ము వంటి అవయవాన్ని చాచి ఘాటైన వాసన వెదజల్లుతాయి. చూపుతో మాత్రమే పేరు పెట్టినవాడు పొరపడటానికి ఇంతకంటె అనువైన సందర్భం ఉండదు.

రెక్కలు వచ్చిన తరువాత కూడా చిక్కు తీరదు. పాపిలియో పాలిటిస్ ఆడ సీతాకోకచిలుకలు కొన్ని మగదానిని పోలి ఉండగా, మరికొన్ని ఈశ్వరి తీగ, గాడిదగడపాకు వంటి మొక్కలపై పెరిగే విషపూరిత జాతుల వేషం ధరిస్తాయి. ఈ రూపాలకు ఒకప్పుడు వేర్వేరు జాతుల పేర్లు పెట్టారు. ఆ వేషధారణను డబుల్‌సెక్స్ అనే ఒకే జన్యువు నియంత్రిస్తున్నదని కృష్ణమేఘ్ కుంతే, ఆయన సహచరులు 2014లో నేచర్ పత్రికలో నిరూపించారు. వెలుపలి రూపం జాతికి ప్రమాణం కాదనుటకు ఇదొక్కటి చాలును.

వర్గీకరణ కేవలం పండితుల వినోదమని భావించేవారు పాపిలియో డెమోలియస్ చరిత్రను చూడవలెను. ఆసియాలో నిమ్మ వర్గాన్ని ఆశించే ఈ జాతి, ఆస్ట్రేలియాలో ప్రధానంగా బావంచాల ప్రజాతికి చెందిన చిక్కుడు కుటుంబపు మొక్కలపై జీవిస్తుంది. 2004లో కరీబియన్ ప్రాంతపు డొమినికన్ రిపబ్లిక్‌లో ఇది కనిపించినప్పుడు అక్కడి నిమ్మతోటలకు ముప్పు ఏమిటన్నది, వచ్చినది ఏ ప్రాంతపు సంతతి అన్న ప్రశ్నపై ఆధారపడింది. జాతి పేరు ఒక్కటే అయినా ఉపజాతి మారితే ఆహారం మారవచ్చును. ఆహారం మారితే రైతుకు కలిగే నష్టమూ మారుతుంది.

విస్తరణ విషయంలోనూ ఇటువంటి జాగ్రత్తే అవసరం. పాపిలియో పాలిమ్నెస్టర్ బలంగా ఎగిరే పెద్ద సీతాకోకచిలుక. అది ఫిల్మ్‌నగర్‌లో ఒక పూలమొక్కపై వాలినంత మాత్రాన ఆ ప్రాంతాన్ని దాని నివాసంగా పటంలో గుర్తించరాదు. గుడ్డు, లార్వా, ప్యూపా అక్కడి మొక్కపైనే లభించినప్పుడు మాత్రమే అది నివాసం. తక్కినది రాకపోకల సమాచారం. ఈ రెండింటినీ కలిపివేసిన పటం, అడవి తరిగిపోయిన చోట కూడా అంతా క్షేమంగా ఉన్నదన్న భ్రమను కలిగించగలదు.

కనుక వ్యవసాయ కీటకశాస్త్ర బోధనలో మూడు మార్పులు అవసరం. మొదటిది, ప్రతి నమోదులో తేదీ, స్థలంతో పాటు ఆహార మొక్క శాస్త్రీయ నామం, కీటక దశ తప్పనిసరి కావలెను. రెండవది, అనుమానం కలిగిన లార్వాను అదే ఆకుపై పెంచి, రెక్కల పురుగు వెలువడిన పిదపనే పేరు ఖరారు చేయవలెను. మూడవది, నగరం నడుమనున్న ఈ అడవిని విద్యార్థుల క్షేత్రపాఠంగా వినియోగించుకొనవలెను. జాతీయ ఉద్యానంలో అనుమతి లేకుండా సేకరణ కూడదు గనుక అక్కడ పరిశీలన, ఛాయాచిత్రాలు మాత్రమే. పెంపకానికి పెరటి కరివేపాకు చెట్టు చాలును.

నారుమడిలో ఆకులన్నీ పోగొట్టుకొంటున్న రైతుకు ఇంతటి ఓపిక సాధ్యమా అన్న ప్రశ్న న్యాయమైనదే. నారుమడిలో పురుగులను ఏరివేయడానికి ఎవరి నిర్ధారణ కోసమూ ఆగనక్కరలేదు. అయితే ఎదిగిన చెట్టు నాలుగు ఆకులు పోయినంత మాత్రాన కుంగిపోదు. పెరటిలోనైనా తోటలోనైనా, పేరు తెలియని పురుగుపై మందు చల్లే అలవాటును ప్రశ్నించవలసినది శాస్త్రజ్ఞుడే. పేరు సరిగా పెట్టుట ఆ ప్రశ్నకు మొదటి మెట్టు.