మెడ జబ్బులకి ఏఐ స్క్రీనింగ్: స్పెక్స్‌లో మనం అడగాల్సిన రెండు నెంబర్లు

కొత్త ఫోన్ లాంచ్ అయితే మనం ఏం అడుగుతాం? బ్యాటరీ ఎన్ని ఎంఏహెచ్, ఛార్జింగ్ ఎన్ని వాట్లు, డిస్‌ప్లే ఎన్ని హెర్ట్జ్. నెంబర్ చెప్పకపోతే కంపెనీని వదలం. అదే స్పెక్స్ లిస్ట్‌లో "ఏఐ హెల్త్ ఫీచర్" అని ఉంటే మాత్రం ఒక్క నెంబర్ కూడా అడగం. మెడ వెన్నుపూస సమస్యల్ని ఏఐతో ముందే పట్టే ప్రయత్నాలు ఇప్పుడు గట్టిగానే జరుగుతున్నాయి. నా అభిప్రాయం సూటిగా చెప్తా: టెక్నాలజీ మంచిదే. కానీ దాన్ని అందరి ఫోన్లలో నింపేయడం కంటే, చేతుల్లో తిమ్మిరి అంటూ డాక్టర్ దగ్గరికి వచ్చినవాళ్ళ కోసం వాడటం కరెక్ట్.

మెడ వంపు వేరు, మెడ జబ్బు వేరు

మెడ అనగానే మనకి గుర్తొచ్చేది "టెక్స్ట్ నెక్". తల నిటారుగా ఉంటే మెడ మీద భారం సుమారు 5 కిలోలు, 60 డిగ్రీలు వంచితే సుమారు 27 కిలోలు అనే లెక్క మీరు చూసే ఉంటారు. అది 2014లో అమెరికా సర్జన్ కెన్నెత్ హన్స్‌రాజ్ వేసిన లెక్క. కంప్యూటర్ మోడల్‌తో వేశారు, పేషెంట్ల మెడ మీద కొలిచింది కాదు. పోశ్చర్ యాప్‌లు చాలావరకు ఈ కోణం చుట్టూనే తిరుగుతాయి. తల వంచితే అలర్ట్ ఇస్తాయి. తప్పేం లేదు, కానీ వంపు కొలవడం అంటే జబ్బు పట్టడం కాదు.

అసలు భయపడాల్సింది సర్వైకల్ మైలోపతి అనే జబ్బుకి. మెడలోని ఎముకలు, డిస్కులు వయసుతో అరిగి, ఉబ్బి, లోపలున్న వెన్నుపాముని నొక్కేస్తాయి. చిత్రం ఏంటంటే, చాలామందిలో మెడ నొప్పి పెద్దగా ఉండదు. తేడా చేతుల్లో, కాళ్ళల్లో కనిపిస్తుంది. చొక్కా గుండీలు పెట్టుకోలేరు. అన్నం ముద్ద కలపడం కష్టమవుతుంది. నడుస్తుంటే కాలి చెప్పు జారిపోయినా తెలీదు. లక్షణాలు మొదలయ్యాక జబ్బు బయటపడటానికి సగటున రెండేళ్ళకు పైనే పడుతోందని పరిశోధనలు చెప్తున్నాయి. ఈలోపు దెబ్బతిన్న వెన్నుపాము ఆపరేషన్ చేసినా పూర్తిగా కోలుకుంటుందన్న గ్యారంటీ లేదు.

మా పెదనాన్నగారి విషయంలో జరిగింది ఇదే. ఆయనకి షుగర్ ఉంది. చేతులు తిమ్మిర్లు అంటే ఇంట్లో అందరూ, చూసిన డాక్టర్‌తో సహా, "షుగర్ కదా, మామూలే" అన్నారు. నెలల తరబడి మాత్రలు మారాయి, తిమ్మిర్లు మారలేదు. చివరికి ఎంఆర్ఐ తీస్తే సమస్య మెడలో ఉంది. ఆపరేషన్ అయింది, నడుస్తున్నారు. గుండీలు మాత్రం ఇప్పటికీ పెద్దమ్మే పెడుతుంది. ఏఐ స్క్రీనింగ్ నిజంగా పనికొచ్చే చోటు ఇది.

ఏఐ ఇక్కడ ఏం చేస్తుంది?

డాక్టర్లు ఎప్పట్నుంచో చేసే ఒక టెస్ట్ ఉంది. 10 సెకన్లలో పిడికిలి ఎన్నిసార్లు పూర్తిగా మూసి తెరవగలరు అని చూస్తారు. మామూలుగా 20 లేదా అంతకంటే ఎక్కువ రావాలి. టోక్యో మెడికల్ అండ్ డెంటల్ యూనివర్సిటీ బృందం ఈ ఐడియానే సెన్సార్‌కి ఎక్కించింది. లీప్ మోషన్ అనే ఇన్‌ఫ్రారెడ్ పరికరం ముందు చెయ్యి పెట్టి పిడికిలి మూసి తెరిస్తే, వేళ్ళ కదలికని రికార్డ్ చేసి మెషిన్ లెర్నింగ్ మోడల్ తీర్పు చెప్తుంది. 2022లో స్పైన్ జర్నల్‌లో వచ్చిన ఈ స్టడీలో జబ్బు ఉన్నవాళ్ళు 50 మంది, లేనివాళ్ళు 28 మంది. ఫలితం: సెన్సిటివిటీ 84 శాతం, స్పెసిఫిసిటీ 60.7 శాతం.

మనం అడగాల్సిన రెండు నెంబర్లు ఇవే. సెన్సిటివిటీ అంటే జబ్బు ఉన్న 100 మందిలో ఎంతమందిని పట్టింది అని. స్పెసిఫిసిటీ అంటే జబ్బు లేని 100 మందిలో ఎంతమందికి "మీకేం లేదు" అని సరిగ్గా చెప్పింది అని.

ఇప్పుడు లెక్క చూద్దాం

ఇదే మోడల్‌ని ఫోన్‌లో పెట్టి 10,000 మందికి ఇచ్చారనుకుందాం. వాళ్ళలో 20 మందికి జబ్బు ఉందనుకుందాం. యాప్ 17 మందిని పడుతుంది, ముగ్గుర్ని వదిలేస్తుంది. మిగతా 9,980 మంది ఆరోగ్యవంతుల్లో సుమారు 3,920 మందికి ఊరికే రెడ్ అలర్ట్ ఇస్తుంది. అంటే అలర్ట్ వచ్చిన ప్రతి 230 మందిలో ఒక్కరికే నిజంగా జబ్బు. మిగతావాళ్ళు నిద్ర మానుకుని వేలకి వేలు పోసి ఎంఆర్ఐ తీయించుకుంటారు. ఆ వదిలేసిన ముగ్గురేమో గ్రీన్ టిక్ చూసుకుని ధీమాగా ఉంటారు.

అదే మోడల్‌ని చేతుల్లో తిమ్మిరి, పట్టు తగ్గడం లాంటి ఇబ్బందులతో క్లినిక్‌కి వచ్చిన 100 మంది మీద వాడి చూడండి. వాళ్ళలో 30 మందికి జబ్బు ఉందనుకుంటే, అలర్ట్ సుమారు 53 మందికి వస్తుంది, అందులో 25 మందికి నిజంగా జబ్బు ఉంటుంది. కోడ్ మారలేదు, ఎవరి మీద వాడామన్నదే మారింది. షుగర్, కీళ్ళవాతం ఉన్నవాళ్ళ వేళ్ళు కూడా నెమ్మదిస్తాయి కాబట్టి నిజం క్లినిక్‌లో ఈ లెక్క కాస్త తగ్గొచ్చు. అయినా ఎవరిని ముందు స్కాన్‌కి పంపాలో చెప్పడానికి అది చాలా ఉపయోగం.

ఫోన్ కెమెరాతో కుదరదా అంటే, కుదిరే అవకాశం ఉంది. గూగుల్ మీడియాపైప్ లాంటి టూల్ మామూలు కెమెరాతోనే చేతిలో 21 పాయింట్లు ట్రాక్ చేస్తుంది. కానీ సెన్సార్ మారితే టెస్టింగ్ మళ్ళీ మొదట్నుంచి చెయ్యాలి. లీప్ మోషన్‌లో వచ్చిన 84 శాతాన్ని తెచ్చి ఫోన్ బాక్స్ మీద ముద్రిస్తే ఒప్పుకోకూడదు.

కాబట్టి రేపు ఏ కంపెనీ అయినా "ఏఐ నెక్ చెక్" అని స్టేజ్ మీద చూపిస్తే, రివ్యూ రాసేవాళ్ళం మేము, కొనే మీరు ఇవి అడుగుదాం: ఆ రెండు నెంబర్లు ఎంత? ఎంతమంది మీద, ఏ పరికరంతో కొలిచారు? వీడియో ఫోన్‌లోనే ఉంటుందా, సర్వర్‌కి వెళ్తుందా? రెడ్ అలర్ట్ వస్తే తర్వాత ఏం చెయ్యాలో తెలుగులో చెప్తుందా? సమాధానం లేకపోతే ఆ ఫీచర్‌కి రివ్యూలో మార్కులు వెయ్యొద్దు.

ఇక మీ ఇంట్లో ఎవరైనా గుండీలు పెట్టుకోవడానికి తడబడుతున్నా, చెప్పులు జారిపోతున్నాయని అంటున్నా, యాప్ కోసం ఎదురుచూడకండి. డాక్టర్‌ని కలిసినప్పుడు "సమస్య మెడలో ఉందేమో చూస్తారా?" అని మీరే అడగండి.