గడ్డకట్టిన తేనె నకిలీ కాదు



గత వారం మీ పత్రిక ఆదివారం అనుబంధంలో అసలు తేనెను ఇంట్లోనే కనిపెట్టే చిట్కాలంటూ అరపేజీ వేశారు. నంద్యాల జిల్లాలో తేనెటీగల పెట్టెల మీద బతికేవాణ్ణి కాబట్టి ఆ అరపేజీని ఊరికే వదిలేయలేకపోతున్నాను. నీళ్లలో వేసి చూడమన్నారు, కాగితం మీద చుక్క వేయమన్నారు, అగ్గిపుల్ల ముంచి గీయమన్నారు. వీటితో నకిలీ తేనె పట్టుబడదు. అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది చివరి వాక్యం: 'సీసా అడుగున గడ్డకట్టిందంటే చక్కెర కలిపినట్టే.' ఆ ఒక్క మాట నమ్మి జనం మంచి తేనెను పారబోస్తున్నారు.

తేనెలో నీళ్లు మామూలుగా ఐదో వంతు కూడా ఉండవు. మిగిలినదంతా దాదాపు చక్కెరలే. ఆ చక్కెరల్లో ముఖ్యమైనవి ఫ్రక్టోజ్, గ్లూకోజ్. ఫ్రక్టోజ్ ఆ కొద్ది నీళ్లలోనూ హాయిగా కరిగి ఉంటుంది, గ్లూకోజ్ ఉండలేదు. పుప్పొడి రేణువో, మైనం నలుసో, గాలి బుడగో ఆసరా దొరికితే చాలు, దాని చుట్టూ పలుకు కట్టడం మొదలుపెడుతుంది. 14 డిగ్రీల దగ్గర ఈ పని అన్నిటికంటే చురుగ్గా సాగుతుంది. అందుకే వేసవిలో నీళ్లలా జారిన తేనె సంక్రాంతి చలికి బిగుసుకుంటుంది. ఎంత త్వరగా బిగుస్తుందన్నది పువ్వును బట్టి ఉంటుంది. పొద్దుతిరుగుడు, ఆవ తేనెల్లో గ్లూకోజ్ పాలు ఎక్కువ, వారాల్లోనే పేరుకుంటాయి. కశ్మీరు అకేసియా తేనెలో ఫ్రక్టోజ్ ఎక్కువ కాబట్టి నెలల తరబడి పారుతూనే ఉంటుంది. రెండూ తేనెలే.

పొద్దుతిరుగుడు తేనె పేరుకోవడం దగ్గరుండి చూసినవాళ్లకు ఈ అనుమానం రాదు. మొదట సీసా అడుగున సన్నటి తెల్లపొర కనిపిస్తుంది. అది రోజురోజుకూ పైకి పాకుతుంది. సగానికి వచ్చేసరికి కింద బొంబాయి రవ్వలాంటి పలుకులు, పైన మామూలు కంటే పలచటి తేనె. సరిగ్గా ఈ దశలోనే కొన్నవాళ్లు సీసా వెనక్కి తెచ్చి, 'అడుగున చక్కెర, పైన నీళ్లు, ఇదేనా మీ తేనె?' అని అడుగుతారు. పలుకు కట్టిన గ్లూకోజ్ తనతో కొద్దిపాటి నీళ్లనే తీసుకుపోతుంది. మిగిలిన నీళ్లన్నీ పైనున్న తేనెలోనే ఉండిపోతాయి కాబట్టి అది పలచబడుతుంది. ఎవరూ నీళ్లు కలపనక్కర్లేదు. ఇదంతా చెప్పినా, పేపర్లో వచ్చిందన్న మాట ముందు మా మాట నిలవడం లేదు. నా దగ్గర ఏటా సరుకు తీసుకునే ఒక దుకాణదారు ఈ ఏడాది పొద్దుతిరుగుడు తేనె వద్దే వద్దన్నాడు. ఆయన్నీ తప్పుపట్టలేను, గిరాకీలు కొనకపోతే ఆయనేం చేస్తాడు?

దీని ఫలితం చూడండి. గడ్డకట్టకుండా ఉండాలంటే తేనెను 60 డిగ్రీలు దాటేలా వేడిచేసి, పుప్పొడి కూడా మిగలనంత సన్నటి జల్లెడలో ఒత్తిడితో వడపోయాలి. అలా చేసిన తేనె ఏడాదంతా సీసాలో తళతళలాడుతుంది. దాన్నే జనం స్వచ్ఛమైనదని నమ్ముతున్నారు. మరోవైపు, కెనడాకు చెందిన ఎల్టన్ డైస్ అనే శాస్త్రవేత్త తేనె వెన్నలా మెత్తగా పేరుకునే పద్ధతి కనిపెట్టి 1935లో పేటెంటు తీసుకున్నాడు. అక్కడ ఈనాటికీ ఆ తేనెను అడిగి మరీ కొని రొట్టె మీద రాసుకుంటారు. మన దగ్గర అదే తేనె మోసం కిందికి వస్తోంది.

ఇక చిట్కాల సంగతి. తేనె నీళ్లలో తిన్నగా అడుగుకు దిగితే అసలుదన్నారు. చిక్కటి బియ్యం సిరప్ కూడా అంతే తిన్నగా దిగుతుంది. ముంచిన అగ్గిపుల్ల వెలగకపోతే కల్తీ అన్నారు. ఆ పరీక్షలో తేలేది తేమ ఒక్కటే. నల్లమలలో చెంచులు ప్రాణాలకు తెగించి తాళ్ల మీద వేలాడి దించే పెద్ద తేనెటీగల తేనెలో సహజంగానే తేమ ఎక్కువ, చాలాసార్లు 20 శాతం దాటుతుంది. మీరు చెప్పిన ఇలాంటి పరీక్షలో అడవి తేనె ఓడిపోవచ్చు, ఫ్యాక్టరీ సిరప్ నెగ్గవచ్చు. ఇంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఇప్పటి కల్తీ బెల్లం పాకం కలిపే కాలం నాటిది కాదు. చెరకు, మొక్కజొన్న చక్కెరలను కార్బన్ ఐసోటోపు పరీక్ష పట్టేస్తుంది. అందుకే కల్తీదారులు వరి నుంచి తీసిన సిరప్‌లకు దిగారు. వరి కార్బన్‌ను పట్టుకునే తీరు, తేనెనిచ్చే చాలా పూలమొక్కల తీరు ఒకటే కాబట్టి ఆ పరీక్షకు తేడా తెలియదు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 13 బ్రాండ్ల తేనెల మీద చేయించిన పరీక్షల ఫలితాలు బయటపెట్టింది. జర్మనీలో చేయించిన, అణువుల స్థాయిలో కల్తీని వెతికే ఎన్‌ఎంఆర్‌తో సహా అన్ని పరీక్షలూ దాటినవి 22 నమూనాల్లో 5 మాత్రమే. కంపెనీలు ఆ ఫలితాలను ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. అదే సంస్థ కావాలనే సగం సిరప్ కలిపి పంపిన తేనె కూడా మన దేశ ప్రమాణాల పరీక్షల్లో పాసైపోయింది. ప్రయోగశాల కళ్లుగప్పిన సిరప్‌ను గ్లాసుడు నీళ్లు, అగ్గిపుల్ల పట్టుకుంటాయా?

గడ్డకట్టిందే అసలైనదని నేను అనడం లేదు. అది కూడా పరీక్ష కాదు. మా వృత్తిలోనూ, ఈగలను పూతలేని రోజుల్లో బతికించడానికి పెట్టే చక్కెర పాకాన్ని పూతకాలంలోనూ పెట్టి తేనె పెంచుకునేవాళ్లు ఉన్నారు. వాళ్లను పట్టుకోవాల్సిందే. పట్టుకోవాల్సింది మాత్రం పరికరాలున్న ప్రయోగశాలలు, వంటగదులు కావు. కొనేవాళ్లు ఏ పూత తేనె, ఏ నెలలో తీశారు, ఈ బ్యాచ్‌కు పరీక్ష నివేదిక ఉందా అని అడగాలి. జవాబు చెప్పలేనివాడి దగ్గర కొనకండి. ఇంట్లో తేనె పేరుకుంటే సీసాను గోరువెచ్చటి నీళ్లలో కొంతసేపు నిలబెడితే కరుగుతుంది. పొయ్యి మీద కాచారంటే హెచ్‌ఎంఎఫ్ అనే పదార్థం పెరుగుతుంది, కిలోకు 80 మిల్లీగ్రాములు మించకూడదని మన నిబంధన.

మీ పత్రిక మాటను మా జిల్లాలో ఊరూరా నమ్ముతారు. కాబట్టి వచ్చే ఆదివారం అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, గడ్డకట్టడం కల్తీకి గుర్తు కాదని ప్రచురించండి. ఆహార భద్రతా అధికారులు ఏటా తీసుకెళ్లే తేనె నమూనాలు ఏమయ్యాయో, ఏ బ్రాండు నిలిచిందో, ఏది ఓడిందో జిల్లాలవారీగా బయటపెట్టమని మీ విలేకరుల చేత అడిగించండి. నా తేనె కూడా ఆ జాబితాలో ఉండాలి.

భవదీయుడు,
ఒక తేనెటీగల పెంపకందారు,
నంద్యాల జిల్లా