గర్భిణికి కొవ్వు భయం.. అసలు ముప్పు మరోచోట

కర్నూలు: గర్భిణులు ప్రైవేటు ల్యాబుల్లో 'ప్యాకేజీ' పరీక్షలు చేయించుకునే అలవాటు పట్టణాల నుంచి మండల కేంద్రాలకూ పాకింది. రక్తహీనతకో, థైరాయిడ్‌కో వెళితే జాబితాలో కొవ్వు పరీక్ష కూడా కలిసి వస్తోంది. రిపోర్టులో కొలెస్ట్రాల్ 260 అని, పక్కనే ఉండవలసినది 200 లోపు అని అచ్చవుతుంది. దానితో ఇంటిల్లిపాదికీ దిగులు పట్టుకుంటుంది. గుడ్డు మాన్పిస్తారు. పాలు తగ్గిస్తారు. అంగన్‌వాడీలో ఇచ్చిన గుడ్లు ఇంట్లో ఇతరుల పాలవుతాయి. రక్తహీనతతో ఉన్న తల్లికి ఉన్న కాస్త పోషకాహారమూ ఇలా దూరమవుతోంది.

నిజానికి ఆ 200 అనే హద్దు మామూలు మనుషులకు పెట్టినది. గర్భిణికి వర్తించదు. నెలలు నిండే కొద్దీ కొలెస్ట్రాల్ పావు వంతు నుంచి సగం వరకు పెరుగుతుంది. ట్రైగ్లిజరైడ్లు అనే మరో రకం కొవ్వు రెండు మూడు రెట్లు అవుతుంది. చివరి నెలల్లో కొలెస్ట్రాల్ 250 దాటడం, ట్రైగ్లిజరైడ్లు 200 నుంచి 300 వరకు ఉండటం సాధారణమే. ఇది రోగం కాదు, దేహం చేసుకునే ఏర్పాటు. తొలి నెలల్లో తల్లి ఒంట్లో కొవ్వు నిల్వ చేరుతుంది. తర్వాత మాయ నుంచి వెలువడే హార్మోన్లు ఆ నిల్వను కరిగించి రక్తంలోకి వదులుతాయి. తల్లి ఆ కొవ్వుతో శక్తి పొందుతూ చక్కెరను బిడ్డకు మిగులుస్తుంది. గర్భాన్ని నిలిపే ప్రొజెస్టిరాన్ తయారీకి కూడా కొలెస్ట్రాలే ముడిసరుకు. కాన్పు తర్వాత ఈ అంకెలు క్రమంగా దిగివస్తాయి. ముఖ్యంగా పాలిచ్చే తల్లుల్లో ట్రైగ్లిజరైడ్లు త్వరగా తగ్గుతాయి.

అందుకే గర్భిణులకు తప్పనిసరిగా చేసే పరీక్షల్లో కొవ్వు పరీక్ష లేదు. పైగా దానికోసం రాత్రంతా పస్తుండమని చెప్పే ల్యాబులూ ఉన్నాయి. నిండు గర్భిణిని పన్నెండు గంటలు ఖాళీ కడుపుతో కూర్చోబెట్టి అక్కరలేని అంకె తెలుసుకోవడం ఏ పాటి వైద్యమో ఆలోచించాలి.

అయితే కొవ్వును పూర్తిగా కొట్టిపారేయడానికీ వీల్లేదు. ఆమ్‌స్టర్‌డామ్ నగరంలో సుమారు 4,000 మంది గర్భిణులను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. తొలి నెలల్లో ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో ఆ తర్వాత రక్తపోటు, గుర్రపువాతానికి ముందుదశ, నెలలు నిండకుండానే కాన్పు, అధిక బరువు శిశువులు ఎక్కువగా కనిపించాయి. మొత్తం కొలెస్ట్రాల్‌కు మాత్రం ఈ చిక్కులతో సంబంధం కనిపించలేదు. అంటే జనం భయపడుతున్నది ఒక అంకెకు, గమనించవలసినది మరో అంకెను. ఆ రెండో అంకెను మందులతో దించితే గుర్రపువాతం రాకుండా ఆగుతుందని కూడా ఇంతవరకు రుజువు కాలేదు.

ఎవరికి అవసరం?

గర్భానికి ముందే మధుమేహం ఉన్నవారు, ఇంటిల్లిపాదిలో కొవ్వు సమస్య ఉన్నవారు, గతంలో క్లోమగ్రంథి వాపు వచ్చినవారు వైద్యుల సలహాతో ఈ పరీక్ష చేయించుకోవాలి. ట్రైగ్లిజరైడ్లు 500 దాటితే నిపుణుల పర్యవేక్షణ అవసరం. 1,000 దాటితే క్లోమగ్రంథి వాచే ప్రమాదం ఉంది. ఇది అరుదే కానీ తల్లీబిడ్డలిద్దరి ప్రాణాలకూ ముప్పు. పొట్ట పైభాగంలో మొదలై వీపులోకి పాకే తీవ్రమైన నొప్పి, ఆగని వాంతులు దీని లక్షణాలు. పల్లెల్లో దీన్ని 'గ్యాస్ నొప్పి' అనుకుని మాత్ర వేసుకుని పడుకుంటే విలువైన సమయం చేజారుతుంది. కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్రలు వాడుతున్నవారు గర్భం నిలిచిందని తెలియగానే వైద్యులకు చెప్పాలి. అత్యధికులు వాటిని ఆపవలసి ఉంటుంది. వీటిపై ఉన్న తీవ్ర హెచ్చరికను సడలించాలని 2021లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ నిర్ణయించినా, అది హృద్రోగం వంటి పెద్ద ముప్పు ఉన్న కొందరి కోసమే.

ప్రాణం కాపాడేవి ఇవీ

తల్లుల మరణాలకు ప్రధాన కారణాల్లో రక్తస్రావం తర్వాత అధిక రక్తపోటుదే పెద్ద వాటా. 2018-20 లెక్కల ప్రకారం లక్ష కాన్పులకు దేశంలో 97 మంది తల్లులు మరణిస్తుండగా ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంఖ్య 45. దీన్ని ఇంకా తగ్గించేది ప్యాకేజీ పరీక్ష కాదు. చేతికి కట్టే పట్టీతో బీపీ చూడటం, మూత్రంలో ప్రొటీన్ పరీక్ష, గ్లూకోజు తాగించి రెండు గంటలకు చక్కెర చూడటం. ఇవన్నీ ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ప్రతి నెలా 9న గర్భిణులకు ప్రత్యేక పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచి సాగుతోంది. 20 వారాల తర్వాత బీపీ 140/90కి చేరితే జాగ్రత్త పడాలి. తలనొప్పి, కళ్లు మసకబారడం, కుడి డొక్క పైన నొప్పి, ముఖం వాపు కనిపిస్తే 9వ తేదీ కోసం ఆగకుండా వెంటనే ఆసుపత్రికి చేరాలి. అక్కడ ఇచ్చే మెగ్నీషియం సల్ఫేట్ ఇంజక్షన్ ఫిట్స్ ముప్పును సగానికి తగ్గిస్తుందని 33 దేశాల్లో పది వేల మందికి పైగా మహిళలపై జరిగిన అధ్యయనం 2002లోనే తేల్చింది.

జిల్లా పడమటి మండలాల్లో మరో చిక్కు ఉంది. ఆదోని, ఆలూరు, కోసిగి, మంత్రాలయం ప్రాంతాల నుంచి ఏటా పత్తి తీతకు, మిరప కోతలకు గుంటూరు వైపు కుటుంబాలకు కుటుంబాలే వలస వెళతాయి. వాటిలో గర్భిణులూ ఉంటారు. రక్తపోటు తలెత్తే ఆరు, ఏడు, ఎనిమిది నెలలు చేలగట్లపైనే గడిచిపోతాయి. ఊళ్లోని ఆశా కార్యకర్తకు ఆమె కనిపించదు, వెళ్లినచోటి ఏఎన్‌ఎంకు ఆమె ఎవరో తెలియదు. తల్లీబిడ్డల కార్డు వెంట ఉంటే ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనైనా బీపీ, మూత్రం చూపించుకోవచ్చు. ఆ కార్డేమో చాలాసార్లు ఇంటి పెట్టెలోనే ఉండిపోతోంది. బయలుదేరే ముందే కార్డు చేతికిచ్చి, చేరిన ఊరి కేంద్రానికి ఫోనులో కబురందిస్తే పెద్ద ఖర్చేమీ కాదు.